తునికిగుంపు ఓడ

బసవపున్నయ్య మాస్టారు సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. పుట్టింది కల్లూరు, పెరిగింది కల్లూరు. పెద్ద నీళ్ళంటే ఆయనకు తెలిసింది సాగర్ కాలువ ఒక్కటే. అదీ ఆయనకు కలిసొచ్చింది. సముద్రం చూసినవాడైతే నీళ్ళు, ఇసుక, ఉప్పుగాలి అని మూడు ముక్కల్లో తేల్చేసి కూర్చుంటాడు. చూడనివాడికి అడ్డేముంది?

తునికిగుంపు ఆశ్రమ పాఠశాల ఏడో తరగతి గదిలో రెండు బెంచీలు ఎదురెదురుగా జరిపి, మధ్యలో వెదురుబొంగు నిలబెట్టి, దానికి తన తువ్వాలు కట్టి, "ఇదేరా ఓడ" అన్నాడు మాస్టారు. అంతే, వెనక బెంచీ పిల్లలు కూడా కిందపడతామేమోనని చెక్కలు గట్టిగా పట్టుకున్నారు.

పుస్తకంలో ఆ పాఠం అర పేజీ. సముద్రయాత్రలు చేసిన దొరలు సైన్సుకు ఏమేం కనిపెట్టి తెచ్చారో అందులో ఉంటుంది. వేరే బళ్ళలో అది ఒక పూట పాఠం. మాస్టారు నాలుగు రోజులు లాగాడు. మొదటిరోజు ఓడ రేవు దాటింది. రెండోరోజు దొరలు ఒక దీవిలో గుడారం వేసి, దుర్భిణి గొట్టానికి నల్లద్దం బిగించి, సూర్యుడి ముఖం మీద శుక్రుడు చీమలాగా పాకిపోవడం చూశారు. మూడోరోజు పేరు తెలియని ఆకులన్నీ కోసి కాగితాల మధ్య అణిచారు. ఒక ఆకు మాత్రం అణగనని మొండికేస్తే, లావుపాటి వంటవాణ్ణి తెచ్చి దానిమీద కూర్చోబెట్టారు. ఇది పుస్తకంలో లేదు.

నాలుగోరోజు తిమింగలం వచ్చింది.

"ఎంత పెద్దదంటే, పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది చూశారూ, దాన్ని పడుకోబెట్టినంత. అది నోరు తెరిస్తే వెయ్యి చిన్న చేపలు లోపలికి పోయి దాని పళ్ళు తోమి బయటికి వస్తాయి. కూలి కింద పంటి సందున ఇరుక్కున్న మెతుకులు తీసుకుపోతాయి."

పిల్లలు విరగబడి నవ్వారు. మూడో బెంచీలో జంపక్క నవ్వలేదు. వెదుళ్ళగుంపు అనే కోయగూడెం పిల్ల అది. సన్నగా, పొడుగ్గా, ఏది చెప్పినా ముందు అనుమానంగా చూసే రకం.

"తోమితే దాని నోట్ల నెత్తురొస్తదా సారు?"

"తిమింగలానికి నెత్తురెందుకొస్తుందే?"

"మాకొస్తది గద."

ఆ మాట వినపడినా మాస్టారు ఆగలేదు. ఓడ మంచి ఊపు మీద ఉంది. తరవాత చెప్పాల్సింది రోగం సంగతి. నెలల తరబడి నేల తగలని ఓడ. తిండికి కొదవలేదు, ఎండిన రొట్టె, ఉప్పుమాంసం కడుపునిండా పెడతారు. అయినా నావికులు ఒకరి వెనక ఒకరు పడిపోతున్నారు. ముందు చిగుళ్ళు ఉబ్బుతాయి, నెత్తురు కారుతుంది. కాళ్ళ మీద ఊదారంగు మచ్చలు లేస్తాయి. పాత గాయాలు మళ్ళీ నోరు తెరుస్తాయి. చివరికి మోకాళ్ళు వాచి మనిషి లేవలేడు. ఓడ డాక్టరు ఒకడు జబ్బుపడ్డవాళ్ళను ఒకేచోట పడుకోబెట్టి, అందరికీ ఒకే తిండి పెట్టి, దానిపైన ఇద్దరికి పులిసిన సారా, ఇద్దరికి సముద్రపు నీళ్ళు, ఇద్దరికి నిమ్మ, నారింజ పండ్లు ఇచ్చాడు. వారం తిరక్కుండా పండ్లు తిన్నవాళ్ళిద్దరూ లేచి మిగతావాళ్ళకు సేవ చేశారు.

"అర్థమైందా? పక్కపక్కన పెట్టి చూడాలి. కళ్ళతో చూసింది చెప్పాలి. రాజుగారికి నచ్చుతుందా, కప్తానుకు కోపమొస్తుందా అని చూడకూడదు. అదీ సైన్సంటే." బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు.

గదిలో చప్పుడు లేదు. పాఠం పట్టిందని మాస్టారు సంబరపడుతున్నాడు. జంపక్క లేచింది.

"ఆ బీమారి మా ముత్తక్కకున్నది సారు."

ముత్తక్క దాని చిన్నమ్మ కూతురు, మూడో తరగతి. బయట వరండాలో గోడకు ఆనుకుని ఉంది. వారం నుంచి గదిలోకి రావడం లేదట, కూర్చుంటే లేవలేక. మాస్టారు బయటికొచ్చి వంగి చూశాడు. పిల్ల లంగా కొంచెం పైకి జరిపి కాళ్ళు చూపింది. మోకాళ్ళ కింద నేరేడు పండ్లు నలిపి రాసినట్టు మచ్చలు. పెదవి పైకెత్తమంటే ఎత్తింది. మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

తిప్పుకున్నవైపు నలభైమంది నిలబడి ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే ఒక్కొక్కరు వేలితో పెదవులు లాగి చూపిస్తున్నారు. పాఠం విన్న పిల్లలు తమకు తెలిసిన జవాబు చూపినట్టు.

*

రోడ్డు పక్కన సీతారావమ్మ హోటలుంది. హోటలంటే తాటాకు పందిరి, రెండు బల్లలు. మణుగూరు బస్సు దాని ముందే ఆగుతుంది. సీతారావమ్మ హెడ్‌మాస్టరు చెంచురామయ్య గారికి స్వయానా అక్క. మధిర వైపు నుంచి తమ్ముడి వెంట వచ్చి ఈ అడవిలో పొయ్యి పెట్టింది. ఆమె చేతి గుత్తొంకాయ తింటే అడవిలో ఉన్నామన్న సంగతి మరిచిపోవచ్చునని సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు మాస్టారు భార్యకు కూడా చెప్పాడు. ప్రమీలారాణి ఆ సెలవుల్లో మొత్తం వంకాయ వండలేదు.

మధ్యాహ్నం మాస్టారు ఆకు ముందు కూర్చున్నాడు. పక్కన హెడ్‌మాస్టరు. దొండకాయ వేపుడు, టమాటా పప్పు, వంకాయ. బస్సు వచ్చి ఆగింది. క్లీనరు పైకెక్కి ఒక గోతాం మూట కిందికి జారవిడిచాడు. పందిరి గుంజకు తగిలి రెండు టమాటాలు దొర్లిపడ్డాయి. సీతారావమ్మ కొంగుతో తుడిచి గంపలో వేసుకుంది.

ఆ మూట సోమవారం సోమవారం దిగుతుంది. మాస్టారు నాలుగేళ్ళుగా చూస్తున్నదే. ఇవాళ దానిమీద నీలిరంగుతో రాసింది చదివాడు. తునికిగుంపు ఆశ్రమ పాఠశాల అని ఉంది. అక్షరాలు కూడా చిన్నవేమీ కావు.

"అదేంటండీ," అన్నాడు.

"ఏదండీ?" అన్నాడు హెడ్‌మాస్టరు. వార్డెను పని కూడా ఆయనదే. గుండ్రటి మనిషి, ఎప్పుడూ ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడు.

"పిల్లల నోళ్ళు చూశానండీ ఇందాక. చిగుళ్ళన్నీ పుళ్ళే. కూరగాయ అన్నది కడుపులో పడక..."

"కూరగాయలా!" చెంచురామయ్య గారు జాలిగా నవ్వాడు. "వీళ్ళు తినరయ్యా. బీరకాయ పెడితే పారబోస్తారు, వంకాయ పెడితే ఏరి అవతల పెడతారు. అడవి పిల్లలకు అన్నం, పప్పుచారు చాలు. పారబోసేదాన్ని పారబోయకుండా చూడటమేగా వార్డెను పని? అక్కయ్య వండుతోంది, మీరు తింటున్నారు. సర్కారు సొమ్ము ఒక్క గింజ వృథా పోలేదు."

"ఇంకో కాయ వేయమంటారా మాస్టారూ?" అంటూ సీతారావమ్మ వచ్చింది. "లేతవి. మొన్నటి మూటలోవే."

మాస్టారు ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాలనుకున్నాడు. చెయ్యి మాత్రం పప్పన్నం కలుపుతోంది. ఆమె వేసింది. వేసిన కూర వదిలేస్తే ఏం బాగుంటుంది? తిన్నాడు. బాగానే ఉంది. ఆ బాగుండటమే ఆయనకు ఆరోజు మింగుడుపడలేదు.

*

తెల్లారి మణుగూరు నుంచి నిమ్మకాయలు తెప్పించి, జంపక్కను పిలిచి గుడ్డసంచి చేతికిచ్చాడు.

"ముత్తక్కకు రోజుకొకటి. ఇంకెవ్వరికీ లేదు. వారంలో పిల్ల గంతులేస్తుంది, చూడు."

మర్నాడు అడిగాడు. జంపక్క ఖాళీ సంచి ఉతికి ఆరేసి తెచ్చింది.

"అన్నీ తినిందా!"

"అందరు తిన్నరు సారు. మంగ్లి కత్తిపీట ఇచ్చింది." మంగ్లి హాస్టల్లో వంట చేసే లంబాడా మనిషి. "సన్నగ కోసి పంచిన. మూడో తరగతోళ్ళకు తొక్కలు గూడ ఇచ్చిన."

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "ఓసి పిచ్చిదానా, ప్రసాదంలాగా పంచితే రోగం కుదురుతుందా? ఎవరికీ చాలదు, ఎవరికీ తగ్గదు. ముత్తక్క ఒక్కతే తినాలని చెప్పానా లేదా?"

"గంతమంది చూస్తుంటే ఒక్కతే ఎట్ల తింటది సారు? గొంతు దిగుతదా?"

"ఓడలో తిన్నారా లేదా? ఇద్దరు తింటుంటే మిగతావాళ్ళు చూశారా లేదా?"

జంపక్క ఆలోచించింది. "ఆళ్ళు ఒక్క ఊరోళ్ళు గాదేమొ సారు."

మాస్టారు ఇక ఆ దారి వదిలేసి కిటికీలోంచి చూశాడు. బడి వెనక మామిడిచెట్లు నాలుగు, కొమ్మలు వంగి కాయలు పట్టుకుని ఉన్నాయి. "అదిగో, అవేం పాపం చేశాయి? పచ్చిమామిడి కాయ నిమ్మకాయకు తమ్ముడు. కోసుకు తినండి."

పిల్ల నాలుక కరుచుకుని రెండు చెవులూ పట్టుకుంది. "పండుగ గాలే సారు."

అప్పుడు గుర్తొచ్చింది మాస్టారుకు. వడ్డె, అంటే గుంపు పూజారి, అమ్మవారి ముందు తొలికాయ పెట్టి మామిడి పండుగ చేస్తేగాని ఆ గుంపు మనిషి కొత్తకాయ నోట పెట్టడు. ఒక్కో గుంపుది ఒక్కో రోజు. మీదిగుంపువాళ్ళు మొన్న ఆదివారం చేసుకున్నారు. వెదుళ్ళగుంపు వడ్డెకు చలిజ్వరం. ఆయన లేచి స్నానం చేసి మొక్కేదాకా జంపక్కకు, ముత్తక్కకు, ఆ గుంపు పిల్లలందరికీ ఆ చెట్లు ఉన్నా లేనట్టే.

"మీదిగుంపోళ్ళు తింటుంటే మీకు నోరూరదూ?"

"ఊరుతది. ఆళ్ళకు పండుగైంది, తింటరు. మాకు గాలే, తినం. దాంట్ల సిగ్గేంది?"

*

శనివారం పొద్దున్నే మాస్టారు గది తలుపు తట్టింది జంపక్క. "ఒక్కపాలి బాయికాడికి రా సారు."

బావి పక్కన బట్టలుతికే తెల్లబండ ఉంది. దాని ముందు పిల్లలు రెండు వరసల్లో వేపపుల్లలు పట్టుకుని నిలబడ్డారు. ఎడమవైపు మీదిగుంపువాళ్ళు, కుడివైపు వెదుళ్ళగుంపువాళ్ళు. జంపక్క చెయ్యి ఎత్తింది. అందరూ పళ్ళు తోమడం మొదలుపెట్టారు. పుల్లలు కరకరలాడాయి. ఒక బుడ్డోడికి కిసుక్కున నవ్వొస్తే జంపక్క నెత్తిన మొట్టింది. తరవాత ఒకరి వెనక ఒకరు వచ్చి బండ మీద, ఎవరివైపు వాళ్ళు, ఉమ్మి తప్పుకున్నారు.

మాస్టారు పంచె ఎగ్గట్టి వంగాడు. బండకు ఎడమవైపు ఉమ్మి తెల్లగా ఉంది. వేపపసరు కలిసి కొంచెం ఆకుపచ్చగా ఉంది. కుడివైపు ఎర్రగా ఉంది. బండ నడుమ గీత గీసినట్టుంది.

"ఆళ్ళ పండుగనాడు అందరికీ సమానంగనే నెత్తురొచ్చింది సారు," అంది జంపక్క. "రోజు చూస్తున్న. మీదిగుంపోళ్ళకు రోజుకింత తగ్గింది. ఇయ్యాల మొత్తం ఆగింది. మాకు ఆగలే. ఆళ్ళు మామిడికాయ తిన్నరు, మేం తినలే. అన్నం ఒక్కటే, చారు ఒక్కటే, పండుకునే జాగ ఒక్కటే. నువ్వు జెప్పినట్టే పక్కపక్కన పెట్టిన."

మాస్టారు పన్నెండేళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాడు. ఓడ ఏ ఏటికాయేడు రేవు దాటుతుంది, తిరిగొస్తుంది, గంట కొడతారు. అది బెంచీల మధ్యనుంచి దిగి బావిదాకా నడిచిరావడం ఇదే మొదలు. బండ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. అదే ఊపులో జంపక్క నెత్తిన కూడా ఒకటి మొట్టాడు.

"శుక్రవారం పాల్వంచలో సైన్సు ప్రదర్శన. పెద్దాఫీసరు వస్తున్నాడు. మన బడి తరఫున నువ్వే నిలబడాలి. ఓడ చేద్దాం. ఓడ కథ చెప్పి, ఆ వెంటనే ఈ బండ కథ చెప్పు. చూసింది చూసినట్టు చెప్పు."

"చెప్తె కూరలొస్తయా సారు?"

"ఎందుకు రావే? ఆఫీసరు ఒక్క కేక వేస్తే మూట హోటలు దగ్గర ఆగుతుందా? నడుచుకుంటూ వంటింట్లోకి వస్తుంది."

"ముత్తక్క అప్పటిదాక ఆగుతదా?"

"ఆగుతుంది," అన్నాడు మాస్టారు. చెప్పింది ఎవరి ధైర్యం కోసమో ఆయనకూ తెలియదు.

*

ఓడ చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆదినారాయణ, అంటే జంపక్క తండ్రి, కూతుర్ని చూడటానికి వచ్చినవాడు అక్కడే కూలబడి వెదురు చీల్చి పెట్టాడు. బద్దల్ని నిప్పుమీద కాచి, మోకాలికి ఆనించి వంచుతుంటే ఓడ అడుగు దానంతట అది తేలి వచ్చింది. "గిసొంటిది నేను సూడలే సారు," అన్నాడు సిగ్గుపడుతూ. "నేనూ చూడలేదయ్యా," అన్నాడు మాస్టారు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మంగ్లి పాత గోనెసంచి కత్తిరించి తెరచాపలు కుట్టింది. ముత్తక్క వరండాలో కూర్చుని దారం అందించింది. చివరిరోజు అదీ అందించలేక పక్కకు ఒరిగి పడుకుంది.

బుధవారం సాయంత్రం హెడ్‌మాస్టరు ఆఫీసు గదిలోకి పిలిచాడు. కుర్చీ తానే జరిపాడు.

"ఓడ భేషుగ్గా ఉందండీ బసవపున్నయ్య గారూ. మన బడికి పేరొస్తుంది. ఆ బండ, ఉమ్ములు మాత్రం ఎందుకు? అసహ్యంగా ఉండదూ, ఆఫీసరు ముందు?"

మాస్టారు నేల చూశాడు. ఆయనకెలా తెలిసిందని అడగలేదు. ఏడో తరగతిలో పాఠం చెబితే మణుగూరు దాకా వినిపించే గొంతు తనది.

"కల్లూరులో సైన్సు పోస్టు ఖాళీ అయింది, విన్నారా?" చెంచురామయ్య గారు మెల్లగా చెప్పాడు. "మీ ఆవిడ ఒక్కరే పొలమూ, ఇల్లూ చూసుకోలేకపోతున్నారని మా అక్కయ్య అంటే నాకు మనసు మనసులో లేదు. నేను ఒక మాట రాస్తే చాలట. రాద్దామనే కూర్చున్నాను. శుక్రవారం కానిచ్చి రాస్తాను."

"పిల్లలకు నిజంగానే బాగాలేదండీ."

"ఎవరు కాదన్నారు? వచ్చే ఏడు చూద్దాం. ఓడ కథ చెప్పించండి. ఓడలో జరిగింది ఓడలో జరిగింది. మన హాస్టలు ఓడ కాదుగదా."

బయటికి వచ్చేసరికి జంపక్క వరండాలో ఓడకు జెండా కడుతోంది. మాస్టారు దాని పక్కన కూర్చుని, విడిపోని ముడిని కాసేపు విప్పి, మళ్ళీ కట్టాడు.

"బండ సంగతి చెప్పొద్దులే. ఓడ వరకు చెప్పు. చాలు."

"ఎందుకు సారు?"

"టైము చాలదు."

పిల్ల జెండా వదిలేసింది. "ఓడల డాక్టరుకు గూడ టైం చాల్లేదా సారు?"

"ఎదురు ప్రశ్నలు నేర్చావు," అన్నాడు మాస్టారు. అన్నాక లోపల చురుక్కుమంది. ఆ ప్రశ్నలు నేర్పింది ఎవరు?

*

పాల్వంచ స్కూలు హాలు కిక్కిరిసి ఉంది. కంపెనీ కాలనీ పిల్లలు థర్మల్ స్టేషన్ బొమ్మ చేశారు, అందులో నిజం బల్బే వెలుగుతోంది. ఇంకొకరి అగ్నిపర్వతం పొగ కక్కి కక్కి పక్క బల్ల అమ్మాయికి దగ్గు తెప్పించింది. మూలబల్ల మీద తునికిగుంపు ఓడ. దాని పక్కన జంపక్క, నూనె రాసి దువ్విన జడలతో, కడ్డీలాగా నిలబడింది.

ఆఫీసరు పడుచువాడే. వెనక పదిమంది గుమాస్తాలు, చెంచురామయ్య గారు. "ఇదేంటమ్మా?" అని నవ్వుతూ అడిగాడు.

"ఓడ సార్," అంది జంపక్క. అక్కడిదాకా నేర్పినట్టే ఉంది.

"గీ ఓడ నిండ పిల్లలున్నరు సార్. కప్తాను ఒకాయన. మంచోడు, ఎవర్ని కొట్టడు. ఓడల అన్నం పెడతరు, చారు పోస్తరు. ఒడ్డుకాడి నుంచి సోమారం సోమారం కూరగాయల మూట వస్తది సార్. ఓడ ఎక్కదు. కప్తాను అక్క ఇంటికాడ దిగుతది."

గుమాస్తాలు గొల్లుమన్నారు. ఆఫీసరూ నవ్వాడు. "సముద్రంలో అక్క ఇల్లెక్కడిదమ్మా?"

"ఉంటది సార్. ఓడను ఆనుకొనే ఉంటది. కప్తాను ఆడనే తింటడు. ఓడల పాఠం చెప్పే సారు గూడ ఆడనే తింటడు." గొంతులో వణుకు లేదు. "పిల్లల చిగుళ్ళ నుంచి నెత్తురు కారవట్టె. అప్పుడు కొందరికి మామిడి పండుగైంది సార్, ఆళ్ళు కాయలు తిన్నరు, నెత్తురాగింది. కొందరికి పండుగ గాలే, ఆగలే. బండమీద ఉమ్మి చూసినం. ఒక పిల్ల అయితే లేస్తలేదు. మూట ఓడ ఎక్కితే పిల్ల లేస్తది. గదే మేం కనిపెట్టింది."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఆఫీసరు కూడా ఆగాడు. ఆయన ఓడను చూశాడు, పిల్లను చూశాడు, తరవాత కళ్ళెత్తి బసవపున్నయ్య మాస్టారును చూశాడు.

"మాస్టారూ, ఏ ఓడండీ ఇది?"

అడిగింది పిల్లాడికి కూడా జవాబు తెలిసిన ప్రశ్న. ఊరి పేరు చెబితే చాలు, ఐదక్షరాలు. జంపక్క ఆయనవైపు తిరిగింది. దాని ముఖంలో బతిమాలటం లేదు. క్లాసులో లెక్క అడిగి జవాబు కోసం చూసే మాస్టారు ఎలా చూస్తాడో అలా చూసింది. వెనక చెంచురామయ్య గారు చేతిలో పూలదండ సర్దుకుంటున్నాడు.

"పాతకాలం ఓడ సార్," అన్నాడు మాస్టారు. "హిందూ మహాసముద్రంలో..." దగ్గాడు. "పిల్ల కొంచెం కల్పించింది సార్. తప్పు నాది. నేనే క్లాసులో లేనిపోని కథలు కలిపి చెబుతుంటాను."

ఆఫీసరు నుదుటి మీది ముడత విడిపోయింది. విడిపోయినందుకు ఆయనకూ హాయిగా ఉన్నట్టే కనిపించింది. హాలులో ఇంకా సగం బల్లలు చూడాల్సి ఉంది. "గుడ్. మంచి ఊహాశక్తి ఉందమ్మా నీకు," అని జంపక్క భుజం తట్టి అగ్నిపర్వతం వైపు కదిలాడు.

ఓడకు మొదటి బహుమతి వచ్చింది. లావుపాటి ఇంగ్లీషు డిక్షనరీ.

తిరుగు బస్సులో జంపక్క కిటికీ పక్కన కూర్చుంది. మాస్టారు సోడా తాగుతావా అని అడిగాడు. వద్దంది. బజ్జీలు తెచ్చాడు. ఆకలి లేదంది. ఏడుస్తుందేమో, ఏడిస్తే ఓదార్చవచ్చునని చూశాడు. అది ఏడవలేదు. దారిపొడుగునా చెట్లను చూస్తూ కూర్చుంది.

*

ఆదివారం ఉదయానికి జంపక్క, ముత్తక్క హాస్టల్లో లేరు. వెదుళ్ళగుంపు పిల్లలెవరూ లేరు. వడ్డె లేచాడట, పండుగ పెట్టాడట. ముత్తక్కను ఆదినారాయణ వీపున వేసుకుపోయాడని మంగ్లి చెప్పింది. చెబుతూ ఆమె మాస్టారు ముఖం చూడలేదు. గంజి వార్చుకుంటూ ఉండిపోయింది.

"మిగతావాళ్ళు పోతే పోయారు," అన్నాడు చెంచురామయ్య గారు. "ఫస్టు ప్రైజు పిల్ల పరీక్ష రాయకపోతే పైనుంచి అడుగుతారు. మీరు వెళ్ళి తీసుకురండి. మీ మాట వింటుంది. అన్నట్టు, ఆ కాగితం నిన్ననే పంపించాను."

మాస్టారు గొడుగు తీసుకుని బయలుదేరాడు. వాగు దాటి, ఇప్పచెట్ల కిందుగా నడిచి, డోలు చప్పుడు పట్టుకుని గుంపు చేరేసరికి ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఇళ్ళ మధ్య ఊడ్చి అలికిన చోట మోదుగాకుల మీద మామిడికాయలు కుప్పపోసి ఉన్నాయి. ఆడవాళ్ళు కోసి, ఉప్పుకారం చల్లి, ఎవరి వాటా వాళ్ళకు పెడుతున్నారు. ఆదినారాయణ పరుగున వచ్చి మంచం వాల్చాడు, నీళ్ళిచ్చాడు, ఆకులో ముక్కలు తెచ్చి చేతికందించాడు. పండుగనాడు గడపకొచ్చిన మనిషికి పెట్టకుండా ఉంటారా!

ముత్తక్క తల్లి ఒళ్ళో కూర్చుని ముక్క కొరుకుతోంది. పులుపుకు ఒక కన్ను మూసుకుని, వేలితో చిగురు తడుముకుని, మళ్ళీ కొరుకుతోంది.

"పరీక్షలు దగ్గరపడ్డాయయ్యా. జంపక్కను పంపించు," అన్నాడు మాస్టారు.

"రానంటున్నది సారూ."

"నువ్వు చెప్పు. తెలివైన పిల్ల. చదువు మధ్యలో ఆపితే ఎట్లా?"

ఆదినారాయణ తల గోక్కున్నాడు. ఎదురు చెప్పడం అలవాటు లేని మనిషి. "చదువు మంచిదే సారూ. కాదంటలే. ముత్తక్క లేచి నడవని, చూద్దాం. ఇంటికాడున్న మా చిన్నదాన్ని మాత్రం బడికి పంపను సారూ. మీరేం అనుకోవద్దు."

మాస్టారు అనుకోవడానికేమీ లేదు. ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పులుపుకు పళ్ళు జివ్వుమన్నాయి.

అవతల పందిరి నీడలో పిల్లలు గుంపుగా కూర్చున్నారు. పెద్దవాళ్ళు కూడా కొందరు చేరారు. మధ్యలో జంపక్క నిలబడి ఏదో చెబుతోంది. చేతులు చాపి అలలు చూపుతోంది, బుగ్గలు పూరించి గాలి ఊదుతోంది. ఆ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం మాస్టారు క్లాసులో ఎన్నడూ వినలేదు. అంతా కోయభాష. నాలుగేళ్ళలో ఆయన నేర్చుకోనిది. మధ్యమధ్య ఓడ అని, కప్తాను అని, సారు అని మాత్రం తెలుస్తోంది. ఆ చివరి మాట వచ్చినచోట జంపక్క పొట్ట ముందుకు పెట్టి, గొడుగు చంకన ఇరికించుకున్నట్టు నడిచి, ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయింది. గుంపంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. ముసలి వడ్డె కూడా దుప్పటిలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"ఏం చెబుతోందయ్యా?" అన్నాడు మాస్టారు.

"సముద్రం కథ సారూ. మీరు జెప్పిందేనంట గద! నిన్నటి నుంచి అడిగి అడిగి చెప్పించుకుంటున్నరు." ఆదినారాయణకూ నవ్వు ఆగడం లేదు. "ఓడల పిల్లలకు నెత్తురు కారుతదంట. కప్తాను కూరలన్ని తింటడంట. ఆడ ఒక సారు ఉంటడంట. ఆ సారుకు అన్నీ ఎరుకేనంట. ఏ ఆకు తింటే ఏ రోగం పోతదో, ఏ చుక్క ఎటు పోతదో, అన్నీ ఎరుకే."

"అయితే? ఆ సారు ఏం చేశాడట?"

ఆదినారాయణ ఆ పక్కకు చెవి పెట్టి, కూతురు మాట పూర్తయ్యేదాకా విని, ఇటు తిరిగాడు.

"ఏం జెయ్యలేదంట సారూ. గందుకే నవ్వుతున్నరు."